మనోడు

కోరుట్లలో ఒంటిపూట బడి విడిచిన మధ్యాహ్నం. బడి సైన్సు గదిలో తెలుగు టీచరు సంధ్యారాణి, తొమ్మిదో తరగతి సౌమ్య, వాళ్ల మధ్య నేల మీద నెత్తురోడుతున్న ఒక కొత్త మనిషి. గేటు బయట వాడ జనమంతా ఉన్నారు.

“... చున్నీ తియ్యకు సౌమ్యా! తీస్తే మళ్ల కారుతది. గట్టిగ వత్తి పట్టు.”

“వత్తుతనే ఉన్న మేడం. మొత్తం తడిసిపోయింది. ఇంకేమన్న బట్ట ఉందా?”

“నా కొంగు చింపుత, ఆగు.”

“మేడం, ఈయన కన్ను... ఒక కన్ను కనవడ్తలేదు.”

“మొకం దిక్కు చూడకు. నెత్తి మీద గాయం చూడు, గంతే. మోచెయ్యి కదిలియ్యకు, బొక్క ఇరిగింది.”

“గేటు ఇరగ్గొడ్తరా?”

“ఇనుప గేటు. తాళం నేనే వేసిన. ఇప్పట్ల ఇరగదు.”

“నరేందరన్న గోడెక్కిండు మేడం. కిటికిలకెళ్లి కనవడ్తుండు.”

“నరేందరెవరు?”

“మా పక్కింటాయన. యూత్ ప్రెసిడెంటు, ఆటో నడుపుతడు. మంచోడు మేడం. ఏటేటా నాతోని రాఖీ కట్టించుకుంటడు.”

“మంచోడే! సెంట్రింగ్ కట్టెతోని ఈయన చెయ్యి ఇరగ్గొట్టింది ఆ మంచోడే. నా కండ్ల ముంగట. నేను రెక్కలు పట్టి లోపలికి గుంజకపోతే ఈపాటికి చంపేస్తుండె.”

“పోలీసులస్తున్నరా?”

“వందకు చేసిన. స్టేషన్ల ఇద్దరే ఉన్నరట, మిగిలినోల్లంత కొండగట్టు జాతర బందోబస్తుకు పోయిండ్రట. అరగంట ఆగుమన్నరు. అంబులెన్సుకు సుత చెప్పిన.”

“అరగంట బతుకుతడా?”

“లోపల ఉంటే బతుకుతడు. అన్నా, ఓ అన్నా, నీ పేరేంది? ఏ ఊరు నీది? మాట్లాడు... ఏం జేసిండు సౌమ్యా ఈయన? నువ్వు చూసినవా?”

“చూడలే. పిల్లగాని చెయ్యి పట్టుకున్నడట. రోడ్డు మీదికి ఉరుకుతుంటే ఆపనీకి పట్టుకున్నడో, ఏమో. పేరడిగితే చెప్పలేదట. సంచి చూపియ్యమంటే కడుపుకు అదుముకున్నడట. అప్పుడు ఎవలో ఒక్క దెబ్బ ఏసిండ్రట. ఇగ అందరు ఏసిండ్రు.”

“పేరు చెప్పనీకి ఏమైంది?”

“మేడం, ఇటు చూడుండ్రి. నోరు తెరుస్తుండు. ఆ... ఆ... అంటుండు. చెవి చూపెడ్తుండు, నోరు చూపెడ్తుండు. మూగోడు మేడం.”

“దేవుడా! మూగోన్ని పట్టుకొని పేరు చెప్పమని కొట్టిండ్రా?”

“సంచి ఇప్పుడు ఇడిచిండు. చూడాల్నా?”

“చూడు.”

“బుగ్గలు.”

“ఏంది?”

“బుగ్గలు మేడం, బెలూన్లు. ఊదని బుగ్గలు, ప్యాకెట్లకు ప్యాకెట్లు. గాలి కొట్టే పంపు సుత ఉంది. కొండగట్టు జాతరల అమ్మనీకి పోతున్నట్టుంది.”

“పాపం, ఈడ ఎందుకు దిగిండో... ఆగు. ఏం సప్పుడది? బయట స్పీకరేదో పెట్టిండ్రు.”

“ఏమో మేడం.”

“ఎవరో మాట్లాడుతున్నరు. ఆడపిల్ల గొంతు.”

“గీ లొల్లిల నాకేం ఇనవడ్తలేదు.”

“నాకు ఇనవడ్తుంది. ‘మన వాడ. మన పిల్లలు. పిల్లలను ఎత్కపోయేటోల్లు తిరుగుతుండ్రు. మనం సూస్కుంట కూసుందామా? చాక్లెట్లు పంచుతరు, ఆశ జూపెడ్తరు...’ సౌమ్యా. ఇది నీ గొంతు.”

“మేడం...”

“‘పట్టుకుంటే ఏడుస్తరు, నమ్మొద్దు. కాళ్లు మొక్కుతరు, నమ్మొద్దు. ఏ పేరంటే ఆ పేరు చెప్తరు, నమ్మొద్దు.’ ఇది నువ్వు నాకు పంపిన హోంవర్కు!”

“మీరే ఇచ్చిండ్రు గదా మేడం. కూసున్నోల్లను లేపేటట్టు ఒక్క నిమిషం మాట్లాడాలె అన్నరు. చెప్పిందే మళ్ల మళ్ల చెప్పుమన్నరు. ప్రశ్న అడిగి జవాబియ్యొద్దన్నరు. భయం పెట్టుమన్నరు. ‘మేము’ అనొద్దు, ‘మనం’ అనాలె అన్నరు. అన్ని పెట్టిన.”

“అవన్ని గుర్తు పట్టనీకి చెప్పిన! ఓట్లప్పుడో, ఏదన్న అమ్మనీకో ఎవడన్న మిమ్ముల ఒప్పియ్య చూస్తే, ఇగో గిట్ల పడగొడుతున్నడని తెలవాలెనని చెప్పిన!”

“వాడుమని సుత చెప్పిండ్రు మేడం. మార్కులేసిండ్రు. ‘శభాష్, ఒళ్లు జలదరించింది’ అని పెట్టిండ్రు.”

“పెట్టిన.”

“నేను క్లాసు వాట్సాప్ గ్రూపుల పెట్టిన, గంతే. నరేందరన్న చెల్లె సంగీత మా క్లాసే. ఆమె ఫోన్లకెళ్లి బయటికి పోయింది. మొదట్ల ‘ఇది తెలుగు అభ్యాసం’ అని చెప్పిన మేడం, ఒట్టు. గా ముక్క కోసేసి పంపిండ్రు.”

“నీకెప్పుడు తెలిసింది?”

“పొద్దుగాల. గల్లీల అందరి ఫోన్లల్ల నా గొంతే. నరేందరన్న అయితే నీ నోట్లె సరస్వతి ఉంది చెల్లె అన్నడు.”

“అప్పుడన్న చెప్పకపోయినవా, అది ఉత్త హోంవర్కని?”

“చెప్పాల్ననుకున్న. కని అందరు మెచ్చుకుంటుంటే... మంచిగనిపించింది మేడం.”

“వంగు! నెత్తి వంచు సౌమ్యా!”

“అద్దం పలిగింది. ఈయన మీద పడ్డయి పెంకులు, కాళ్ల మీద.”

“ఈయనను బల్ల కిందికి జరుపుదాం, పట్టు. మెల్లగ. ఇను, నరేందర్ ఏమంటుండు వాళ్లతోని?”

“‘మన పిల్లలైతే ఊకుంటమా? ఊకుంటమా?’ అంటుండు.”

“ఏంది అది?”

“ప్రశ్న మేడం. జవాబు లేని ప్రశ్న. రెండుసార్లు అంటుండు.”

“ఇంక?”

“‘పక్క మండలంల ముగ్గురు పిల్లలను ఎత్కపోయిండ్రు’ అంటుండు. ఎవ్వలు చూడలే, ఎవ్వల పిల్లలో తెల్వదు. అంకె చెప్తే నమ్ముతరని మీరే అన్నరు. మేడం, గిప్పుడు క్లాసు తీస్కుంటున్నరా?”

“నీకు కాదు, నాకు నేను తీస్కుంటున్న. ఆ మూలకున్న ప్రార్థన మైకు ఇటియ్యి. నేను మాట్లాడుత. సంచి చూపెట్టి బుగ్గలమ్మేటోడని చెప్తే అయిపోతది.”

“వద్దు మేడం! చూపెడ్తే ఇంకా ఖరాబైతది. ‘ఆశ జూపెడ్తరు’ అని నేనే అన్న గదా. బుగ్గలు పిల్లలను పిలవనీకే అంటరు. ఏడిస్తే దొంగ, మొక్కితే దొంగ, పేరు చెప్తే దొంగ. ఈయన ఏం జేసినా దొంగయ్యేటట్టే చెప్పిన మేడం.”

“సరే, సంచి లోపలనే ఉండనీ. మైకు పెట్టు... నరేందర్! నేను టీచర్ సంధ్యారాణిని. రాళ్లు కింద పడెయ్యుండ్రి. ఈయన మూగ మనిషి. మేము పోలీసులకు ఫోన్ చేసినం. మేము...”

“టీచరమ్మా, పక్కకు జరుగుండ్రి! మూగోల్లోలె యాక్టింగ్ చేస్తరు వీల్లు. వాన్ని మాకియ్యుండ్రి, మీ జోలికి ఎవ్వడు రాడు!”

“మేడం, ‘మేము’ అంటున్నరు మీరు. ‘మేము’ అంటే తలుపు మూసినట్టు, ‘మనం’ అంటే తీసినట్టు అని మీరే చెప్పిండ్రు.”

“నరేందర్, మనం ఒకసారి ఆలోచన చెయ్యాలె. మన చేతుల మీద ఒక ప్రాణం పోతే, మనమంత...”

“మనమేంది టీచరమ్మా? మీకు మాకు ఏం మనం? మీరు జగిత్యాలకెళ్లి బస్సుల అచ్చి బస్సుల పోయేటోల్లు. పిల్లలు మావోల్లు. పోతే మాకు పోతరు. అరేయ్, డబ్బా దే రా!”

“ఏం డబ్బా సౌమ్యా? కనవడ్తుందా?”

“పెట్రోల్ మేడం. బండ్లల్లకెళ్లి తీస్తున్నరు. మా గల్లి బుచ్చయ్య తాత సుత ఉన్నడు ఆడ. గదికి అంటుపెడ్తరా? మనం లోపల ఉండంగనే?”

“మైకు బందు చెయ్యి. నా మాటకు పని జరగలే.”

“మీరు ‘మనం’ అంటే నవ్విండ్రు మేడం.”

“నవ్వరా మరి. అది అనేటోల్లు అంటేనే పని చేస్తది. నేను ఈడిదాన్ని కాదు. ఈయన అసలే కాదు. వాళ్ల లెక్కల ఈయన ‘వాడు’. వాడు అయినంతసేపు కొడ్తరు. మనోడైతే చెయ్యి లేవదు.”

“మనోడైతే.”

“ఏంది?”

“మనోడైతే కొట్టరు గదా మేడం.”

“కొట్టరు. కానీ ఈయన ఎవరికి మనోడు? ఊరు తెల్వదు, పేరు తెల్వదు, మాట లేదు.”

“మాట లేకుంటేనే నయం. మేడం, మా నాయినను గీ వాడల ఎవ్వలు చూడలే.”

“మీ నాయిన దుబాయ్‌ల ఉన్నడు గదా?”

“ఆ. మేం సారంగాపూర్‌కెళ్లి ఈడికి కిరాయికి అచ్చినంక ఒక్కసారి గుడ ఇంటికి రాలే. గీ వారంల అస్త అన్నడు. అమ్మ సుత లేదు, అమ్మమ్మకు పాణం బాగలేదని సిరిసిల్ల పోయింది. కాదనేటోల్లు ఎవ్వలు లేరు మేడం.”

“సౌమ్యా, ఏం చెప్పబోతున్నవ్? అబద్ధమా?”

“నిజం చెప్తే పెట్రోల్ తెచ్చిండ్రు గదా. మైకియ్యుండ్రి.”

“మళ్ల ఒకసారి ఆలోచించు...”

“ఇయ్యుండ్రి మేడం! నరేందరన్నా! నేను సౌమ్యను.”

“సౌమ్యనా? నువ్వు లోపలున్నవా చెల్లె? వానితోని ఒక్క గదిల! అరేయ్, ఆగుండ్రి రా, మన సౌమ్య ఉందట లోపల. బయటికి రా చెల్లె, బయటికి రా!”

“రాను. అన్నా, వాడు అనకు. ఈయన మా నాయిన.”

“ఏంది?”

“మా నాయిన అన్నా. హన్మంతు. దుబాయ్‌కెళ్లి అచ్చిండు.”

“ఏం మాట్లాడుతున్నవ్? మీ నాయినైతే పేరడిగితే ఎందుకు చెప్పడు? నోరు పడిపోయిందా?”

“పడిపోయింది. పాస్‌పోర్టు సేటు కాడనే ఉంటే దొంగతనంగ బయట పని చేసిండు, కాయిదాలు లేని కల్లివెల్లి అయిండు. ఆడి పోలీసులు జైల్ల ఏసిండ్రు. ఔట్‌పాస్ కాయిదమిచ్చి ఇంటికి తోలిండ్రు. అప్పటికెళ్లి మతి జర తప్పింది, మాట అస్తలేదు. గా సంచొక్కటే తెచ్చుకున్నడు, ఎవ్వల ముట్టనియ్యడు. ఇంట్లకెళ్లి ఎప్పుడు బయటపడ్డడో నేను చూడలే.”

“మరి మాకెందుకు చెప్పలే? టీచరమ్మ మూగోడంటది, నువ్వు నాయినంటవు!”

“మేడంకు సుత గిప్పుడే తెలిసింది. ఎట్ల చెప్పాలన్నా? మీ అందరి నాయినలు టీవీలు తెచ్చిండ్రు, బంగారం తెచ్చిండ్రు. మా నాయిన గిట్లచ్చిండని ఎట్ల చెప్పాలె? నాకు సిగ్గుండదా?”

“నేను ఒకసారి వీడియో కాల్ల చూసిన మీ నాయినను. గిట్ల లేకుండె చెల్లె.”

“మొకం ఉందా అన్నా గిప్పుడు, పోలిక పట్టనీకి? ఉంచిండ్రా మీరు?”

“చెల్లె...”

“బుచ్చయ్య తాతా! నువ్వు సుత రాయి పట్టినవా? మొన్న పండుగకు నీ కాళ్లు మొక్కితే, మీ నాయిన సల్లగ అస్తడు బిడ్డ అంటివి. ఇగో, అచ్చిండు తాతా. అచ్చి చూడు. తిరుమలక్కా, నువ్వు చెప్పుతోని కొట్టినవట గదా! కిటికి కాడికి రాండ్రి. నా ఒళ్లె తల పెట్టుకున్నడు, నా చెయ్యి ఇడుస్తలేడు. నాయినా, ఓ నాయినా, నరేందరన్న అచ్చిండే. మనోడే. ఇగ ఎవ్వలు కొట్టరు నాయినా.”

“అయ్యో. అయ్యో చెల్లె. మీ నాయిననా... నా ఈ చేతులతోనేనా... అరేయ్, ఆపుండ్రి రా! రాళ్లు పడెయ్యుండ్రి! సౌమ్య వాళ్ల నాయిన రా! మనోడు రా, మనోడు!”

“మైకు మీద చెయ్యి పెట్టు సౌమ్యా. ఆగిండ్రు. చూడు, గేటు ఇడిచిపెట్టిండ్రు.”

“పోతలేరు మేడం. ఆగిండ్రు గని, పోతలేరు. డబ్బా ఇంక చేతులనే ఉంది.”

“చెల్లె! ఇనవడ్తుందా? మరి అసలోడేడి? వీల్లు ఊకుంటలేరు. గింత దూరమచ్చి తప్పు జేసినమని ఎట్ల పోవాలె అంటున్నరు. పిల్లలను ఎత్కపోయేటోడు తిరుగుతుండని నువ్వే చెప్తివి గదా, వాడేడి?”

“మేడం, ఏం చెప్పాలె? ఎవ్వలు లేరు అంటే?”

“లేరంటే మళ్ల ఈయన మీదికే వస్తరు. ఎటన్న పంపు సౌమ్యా. ఈడికెళ్లి కదిలితే చాలు, పోలీసులు వచ్చేదాక.”

“ఎటు?”

“ఎటన్న! దూరం!”

“అన్నా! వాడు గీడ లేడు. నేను చూసిన. బస్టాండ్ దిక్కు ఉరికిండు!”

“ఎట్లుంటడు?”

“పెద్ద బ్యాగుంది. తెల్లగ మెరిసే కొత్త బూట్లేసుకున్నడు. మంచిగ తయారై ఉన్నడు, చూస్తే దొంగోలె కనవడడు!”

“ఇన్నరా రా! పెద్ద బ్యాగు, తెల్లబూట్లు! బస్టాండ్! ఉరుకుండ్రి! నేను ఆటో తెస్త చెల్లె, నాయినను దవఖానకు తీస్కపోదాం. నా తప్పు నేనే దిద్దుకుంట. జర ఆగు!”

“పోతున్నరు మేడం.”

“పోతున్నరు. అందరు పోతున్నరు.”

“నీళ్లున్నయా మేడం?”

“కూసో. నీళ్లు తాగు. ఈయన పెదవులు సుత తడుపు. ఊపిరి మంచిగనే ఆడుతుంది. ఒక ప్రాణం నిలవెట్టినవ్ సౌమ్యా.”

“అబద్ధంతోని.”

“అబద్ధంతోనే. నేను ఇన్నేండ్ల సంది చెప్తున్న గీ పాఠం, నీ అంత బాగ ఎవ్వలు వాడలే. మెచ్చుకోనీకి నాకే భయమైతుంది.”

“రేపు గ్రూపుల నిజం చెప్త మేడం. వాయిస్ సంగతి, నాయిన సంగతి, అంత చెప్త.”

“ఇద్దరం చెప్దాం. మన మొకాన ఉమ్మేసినా సరే... కానీ బస్టాండెందుకన్నవ్?”

“ఏమో, నోటికచ్చింది. పొద్దటికెళ్లి మతిల బస్టాండే తిరుగుతుంది.”

“ఎందుకు?”

“నాయిన ఫోను నిన్నటికెళ్లి బందుంది. విమానమెక్కిండేమో అనుకున్న. ఎప్పుడస్తవే అంటే చెప్పడు. ‘చెప్తే మజా ఏముంది బిడ్డా, బస్టాండ్ల దిగి, సౌమ్య ఇల్లెక్కడని మీ వాడ పిల్లలనే అడుక్కుంట, చాక్లెట్లు పంచుకుంట అస్త’ అని నవ్విండు.”

“సౌమ్యా. ఆ తెల్లబూట్లు, ఆ బ్యాగు... అవి ఎక్కడియి?”

“వీడియోల చూపిచ్చిండు మేడం. ఇంటికచ్చేటప్పుడు ఏసుకోనీకి కొన్న అని... మేడం. మేడం!”

“ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి మీ నాయినకు.”

“చేస్తున్న. రింగయితుంది. మేడం, నిన్నటికెళ్లి బందున్న ఫోను రింగయితుంది! ఎత్తుతలేడు. ఎత్తే నాయినా, ఎత్తే!”

“పద, తాళం తీస్త. నరేందర్ వచ్చిండు గేటు కాడికి. నరేందర్! వాళ్లను ఆపు, బస్టాండ్‌కు పోయినోల్లను ఆపు!”

“ఎందుకాపుడు టీచరమ్మా? ఆటో తెచ్చిన, మనోన్ని మెల్లగ ఎక్కియ్యుండ్రి. ఆగుండ్రి, పోరగాల్లే ఫోన్ చేస్తున్నరు. హలో! ఆ, చెప్పు రా...”

“అన్నా, ఫోన్ నాకియ్యి! అన్నా, నీ కాళ్లు మొక్కుత!”

“ఆగు చెల్లె, ఇననీ. దొరికిండా? బ్యాగుందా? ఏమంటుండు?... అట్లనా? అరే, వాని తెలివి తెల్లార! నమ్మకుండ్రి రా, నేను చెప్తున్న గదా.”

“నరేందర్, ఆ ఫోన్ ఇటియ్యి! అది అబద్ధం, నేనే చెప్పిచ్చిన, అంత అబద్ధం!”

“భయపడకుండ్రి టీచరమ్మా, అయిపోయింది. ఏడ్వకు చెల్లె, దొరికిండు. బ్యాగు నిండ చాక్లెట్లేనట. అచ్చం నువ్వు చెప్పినట్టే, ఏడుస్తుండట, కాళ్లు మొక్కుతుండట. ఎంత తెలివి చూడు, ‘నేను హన్మంతును, సౌమ్య నాయినను’ అంటుండట. మీ నాయిన గీడ మా కండ్ల ముంగటనే ఉన్నడు, నమ్మకుండ్రని చెప్పిన. నువ్వు రంది పడకు, ఇగ మనోల్లు సూస్కుంటరు.”